పాము తోక చివర నల్లబడింది, పైన వాచింది. ఇప్పుడేం చేయాలి?

మీ ప్రశ్నని నాకర్థమైనట్టు ముందు ఒకసారి చెప్పుకుంటాను. బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఫ్లాట్, రెండేళ్ల మగ బాల్ పైథాన్ (ఇళ్లలో పెంచుకునే చిన్న విదేశీ కొండచిలువ). మూడు వారాల కిందట కుబుసం ముక్కలు ముక్కలుగా విడిచింది. ఇప్పుడు తోక చివర అర అంగుళం నల్లగా, గట్టిగా ఉంది. దాని పైన అంగుళం మేర ఉబ్బింది. రెండుసార్లు ఎలుక పెడితే ముట్టలేదు. అత్తగారు పసుపు, కొబ్బరినూనె రాయమంటున్నారు. మీరు అడిగినవి మూడు: దానంతట అదే తగ్గుతుందా, తోక మళ్లీ పెరుగుతుందా, ఆపరేషన్ తప్పదా?

తగ్గదు, పెరగదు, చాలావరకు తప్పదు. నల్లబడిన ముక్కకి ప్రాణం పోయింది. బల్లికి తోక తిరిగి వస్తుంది కానీ పాముకి రాదు. అర్ధరాత్రి క్యాబ్ ఎక్కాల్సిన పని లేదు గానీ, సెలవు దొరికే వారాంతం దాకా కూడా ఆగకండి. రేపు, మహా అయితే ఎల్లుండి డాక్టరు చేతిలో ఉండాలి. ఈలోగా లాగొద్దు, కోయొద్దు, పసుపు రాయొద్దు.

నేను తిరుపతిలో వెటర్నరీ చదివి పద్నాలుగేళ్లుగా బెంగళూరులో క్లినిక్ నడుపుతున్నాను. మొదట్లో కుక్కలూ పిల్లులే. పాములు మెల్లగా మొదలయ్యాయి, ఐటీ కుర్రాళ్ల లాప్‌టాప్ బ్యాగుల్లో, దిండు గలీబుల్లో. వాటిలో తోక కేసులు ఎన్ని చూశానో లెక్క పెట్టుకోలేదు గానీ, ఏటా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య ఎక్కువ వస్తాయి. ఎందుకో కింద చెప్తాను.

మీరు పంపిన ఫోటోలో అందరి కన్నూ ఆ నల్ల ముక్క మీదే పడుతుంది. నేను మాత్రం దాని పైనున్న ఉబ్బుని చూస్తాను. నల్ల ముక్క కథ అయిపోయింది, అది ఎండి రాలిపోయినా పాముకి నష్టం లేదు. కథ ఇంకా నడుస్తున్నది ఉబ్బులోనే. అక్కడ ఇన్‌ఫెక్షన్ ఉంటే వెన్నుపూస ఎముకల్లోకి పాకుతుంది, పైపైకి ఎక్కుతుంది. పాము తోక అంటే వెన్నెముక కొనసాగింపే కదా.

ఇది ఎలా జరుగుతుందంటే: కుబుసం సరిగ్గా ఊడకపోతే తోక చివర ఒక పొర ఉంగరంలా మిగిలిపోతుంది. తడిగా ఉన్నంతసేపు దానితో ఇబ్బంది లేదు. ఆరిందా, బిగుసుకుంటుంది. మీది రెండేళ్ల పాము, ఇంకా ఎదుగుతోంది. లోపల తోక లావవుతుంటే బయట ఉంగరం బిగుస్తుంది. మొదట గుండెకి తిరిగి పోవాల్సిన రక్తం ఆగి వాపు వస్తుంది, ఆ తర్వాత లోపలికి వచ్చే రక్తం కూడా ఆగి చివర చచ్చిపోతుంది. తర్వాతి కుబుసం ఆ ఉంగరం దగ్గరే తెగిపోయి ఇంకో పొర అక్కడే మిగులుతుంది. ఒకసారి మారతహళ్లి నుంచి వచ్చిన పాముకి భూతద్దం పెట్టి చూస్తే తోకకి గాజులు తొడిగినట్టు ఒకదాని మీద ఒకటి నాలుగు ఉంగరాలున్నాయి. ఉల్లిపొర లాంటివి, దాదాపు పారదర్శకంగా. తడిపి తడిపి ఒక్కొక్కటీ తీయడానికి ముప్పావు గంట పట్టింది. "తోక చివర ముదురు రంగు వాటి డిజైన్ అనుకున్నామండీ" అన్నారు ఆ అమ్మాయి. తప్పు పట్టలేం, బాల్ పైథాన్ ఒంటి మీద ముదురు మచ్చలు సహజమే.

డిజైనో, చచ్చిపోయిన భాగమో తేల్చుకోవడానికి ఇంట్లో చేయగల పరీక్ష ఒకటుంది. పాము తల, ఒళ్లు దిండు గలీబులో ఉంచి తోక మాత్రం బయటికి తీయండి. ఇంకొకరిని ఫోన్ టార్చ్ పట్టుకోమనండి. వేలితో మెత్తగా తాకితే బతికున్న తోక మెత్తగా ఉంటుంది, వంగుతుంది, పాము దాన్ని వెనక్కి లాక్కుంటుంది. చచ్చిన భాగం ఎండిన చిక్కుడు తీగలా గట్టిగా ఉంటుంది, తాకినా పాము పట్టించుకోదు. పొలుసులు ముడతపడి లోపలికి పోయి ఉంటాయి. నలుపుకీ మామూలు రంగుకీ మధ్య గీత గీసినట్టు హద్దు కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. హద్దు మసకగా ఉండి, పైన తడి, వాసన, ఎరుపు ఉంటే అది ఇంకా పాకుతోందని. అప్పుడు ఎల్లుండి కూడా కాదు, ఈరోజే.

మీలాగే తోక వాచిందని రాసేవాళ్లందరిదీ ఒకే జబ్బు కాదు. అందుకే నేను మొదట అడిగేది వాపు ఎక్కడ అని. పొట్ట వైపు పాముని చూస్తే కింద ఒకచోట అడ్డంగా గీతలాంటి ద్వారం ఉంటుంది. వెంట్ అంటాం. తోక అక్కడ మొదలవుతుంది. పామంతా తోకే అనుకునేవాళ్లు నాకు ఎదురైనంత మంది ఇంకెవరికీ ఎదురై ఉండరు!

వెంట్ కంటే ముందు, అంటే తల వైపు వాపుంటే అది తోక సమస్య కాదు. ఆడపాములో గుడ్లు అడ్డుపడి ఉండొచ్చు, మలమో తెల్లటి యూరిక్ యాసిడ్ (పాముల మూత్రం) ముద్దో గట్టిపడి ఉండొచ్చు, కిడ్నీ వాచి ఉండొచ్చు. చేత్తో నొక్కి బయటికి తోయాలని చూడకండి. ఎక్స్‌రే తీయించాలి.

వెంట్‌కి సరిగ్గా వెనక ఉబ్బుంటే ముందు మగో ఆడో చూడాలి. మగపాముకి రెండు జననాంగాలు తోక మొదట్లో లోపలికి మడిచి ఉంటాయి, కాబట్టి ఆ చోటు సహజంగానే లావు. ఇందిరానగర్ నుంచి ఒకాయన తన కార్న్ స్నేక్‌కి (ఇంకో రకం పెంపుడు పాము) క్యాన్సర్ గడ్డ అని ఏడుపు ముఖంతో వచ్చారు. రెండు పక్కలా సమానంగా ఉబ్బుంది, నొప్పి లేదు. అది కేవలం మగతనం. ఇంకో పాముకి మాత్రం ఒక పక్కే ఉబ్బింది. గోరువెచ్చని నీళ్లలో ఉంచి, జెల్లీ రాసి, మెల్లగా తీస్తే పసుపుపచ్చ మైనం కడ్డీ లాంటిది బయటికొచ్చింది. లోపలి స్రావాలు ఎండి గట్టిపడిన ముద్ద. దాన్ని వదిలేస్తే ఇన్‌ఫెక్షన్ పడుతుంది. మగో ఆడో చెప్పడానికి కొందరు అమ్మకందార్లు పిల్లపాముల తోక మొదట్లో బొటనవేలితో నొక్కి చూపిస్తారు. చేతకాని చేతిలో అది కూడా వాపు తెస్తుంది. పెద్ద పాముకి ఆ పని అస్సలు చేయనివ్వకండి.

వెంట్ నుంచి ఎర్రగా మాంసం ముక్కలాంటిది బయటికి వచ్చి లోపలికి పోకుండా ఉంటే అదే అర్ధరాత్రి క్యాబ్ ఎక్కాల్సిన కేసు. మగపాము అప్పుడప్పుడు అంగం బయటపెట్టి వెంటనే లోపలికి తీసుకోవడం మామూలే, ఉండిపోతేనే ప్రమాదం. సెలైన్‌తో తడిపిన శుభ్రమైన గుడ్డ చుట్టి, ఆరకుండా చూస్తూ తీసుకురండి. చిక్కటి పంచదార నీళ్లలో తడిపితే వాపు కొంత దిగుతుంది. వినడానికి వంటింటి చిట్కాలా ఉంటుంది గానీ ఇది మేమూ చేస్తాం.

ఇక తోక మధ్యలో ఒక్కచోట గట్టి గడ్డ ఉంటే అది చీముగడ్డ కావచ్చు. పాముల చీము మనకి వచ్చే చీములా కారదు. గట్టిపడిన పనీర్ ముక్కలా ఉంటుంది. మన తెల్లకణాల్లో చీముని కరిగించే ఎంజైములు ఉంటాయి, సరీసృపాల కణాల్లో అవి సరిపడా లేవు. అందుకే నెల రోజులు యాంటీబయాటిక్ వాడినా ఆ ముద్ద అక్కడే కూర్చుని ఉంటుంది. కోసి, పైనున్న సంచితో సహా తీసేయాలి. సూది గుచ్చి చీము పిండుదామని చూసి రానందుకు ఆశ్చర్యపోయిన డాక్టర్లు కూడా ఉన్నారు. నేనూ ఒకప్పుడు ఆ జాబితాలో ఉన్నాను.

దెబ్బల సంగతి. అద్దం తలుపు జరిపేటప్పుడు తోక నలిగిన కేసులు తరచూ వస్తాయి. 'తోక తొక్కిన పాములా లేచాడు' అంటాం కదా, నిజానికి బాల్ పైథాన్ లేవదు, చుట్టచుట్టుకుని తల దాచుకుంటుంది. అందుకే చాలామందికి దెబ్బ తగిలిందని మర్నాటి వరకు తెలియదు. ఎముక విరిగినా చర్మం చెక్కుచెదరకపోతే, రంగు మారకపోతే, చాలాసార్లు కోయకుండానే అతుక్కుంటుంది. కొంచెం వంకర మిగులుతుంది, అంతే. ఎలుక కాటు ఇంతకంటే దారుణం. బతికున్న ఎలుకని రాత్రి పెట్టెలో వదిలేసి పడుకున్నారు ఒకరు. పాముకి ఆకలి లేదు, ఎలుకకి ఉంది. తెల్లారేసరికి తోక మీద ఎముక కనిపిస్తోంది. చంపిన ఎలుకనే పెట్టండి, ఫ్రీజర్‌లోది అయితే బాగా కరిగించి, వెచ్చబెట్టి పెట్టండి.

సెల్లోటేప్‌ని మరిచిపోయాను. థర్మోస్టాట్ (పెట్టె వేడిని అదుపులో ఉంచేది) వైరు కదలకుండా పెట్టె లోపల టేపు అంటిస్తారు, అది ఊడి తోకకి చుట్టుకుంటుంది. పీకితే పొలుసులతో పాటు చర్మం వస్తుంది. వంటనూనె రాసి, జిగురు మెత్తబడే దాకా ఆగి, మెల్లగా విడదీయాలి. పెట్టె లోపల టేపు వాడొద్దు, బయటి నుంచి కట్టుకోండి.

మళ్లీ మీ పాము దగ్గరికి. డాక్టరు దగ్గర ఏం జరుగుతుందంటే: ముందు ఎక్స్‌రే, ఎముకలో ఇన్‌ఫెక్షన్ ఎంతవరకు పాకిందో చూడటానికి. తర్వాత ఆపరేషన్‌లో ఎక్కడ కోయాలన్న నిర్ణయం. ఈ నిర్ణయంలో నేను చేసిన తప్పు చెప్తాను. ప్రాక్టీసు మొదలైన రెండో ఏడాది, ఒక కార్న్ స్నేక్‌కి తోక వీలైనంత మిగల్చాలన్న ఆశతో నలుపు హద్దు దగ్గరే కోసి కుట్టాను. కుట్టు చక్కగా ఉంది, ఫోటో కూడా తీసుకున్నాను. మూడు వారాలకి కుట్టు అంచు మళ్లీ నల్లబడింది. రెండోసారి మత్తు, రెండోసారి కోత. ఆ పాము యజమాని నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది. అప్పటి నుంచి ఆరోగ్యంగా కనిపించే చోటికి ఇంకా కొంచెం పైన, రెండు వెన్నుపూసల మధ్య సందులో కోస్తాను. కోసినచోట తాజా ఎర్ర రక్తం బొట్టు కట్టాలి. కట్టలేదంటే ఇంకా పైకి పోవాల్సిందే. కాబట్టి "అర అంగుళమే కదా నలుపు, డాక్టరు అంగుళంన్నర ఎందుకు తీశాడు" అని బాధపడకండి.

మగపాము కాబట్టి ఇంకో లెక్క. జననాంగాలు తోక లోపలే ఉంటాయని చెప్పాను కదా. మీ ఫోటోని బట్టి సమస్య చివరే ఉంది, అక్కడి దాకా రాదు. నెల ఆలస్యమైతే ఆ మాట చెప్పలేను. చివర పోయినందుకు బాల్ పైథాన్‌కి నడకలో ఏ లోటూ రాదు, అది నేల మీద బతికే పాము. కొమ్మలకి తోక చుట్టి వేలాడే జాతులకైతే నష్టం ఎక్కువ.

మత్తు గురించి భయపడుతూ రాశారు. పాము చాలాసేపు ఊపిరి బిగబట్టగలదు, కాబట్టి కుక్కలకి పెట్టినట్టు గ్యాస్ మాస్క్ పెడితే సరిగ్గా మత్తెక్కదు. ఇంజెక్షన్‌తో మొదలుపెట్టి, గొంతులోకి సన్నటి గొట్టం వేసి, మేమే ఊపిరి అందిస్తాం. గుండె చప్పుడు డాప్లర్ అనే యంత్రంలో వింటూ ఉంటాం. తేరుకోవడానికి కొన్ని గంటలు పడుతుంది. సాయంత్రానికి కదల్లేదని కంగారు పడకండి. యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు ఒంటికి ముందు భాగంలో ఇస్తాం, తోక దగ్గర కాదు. వెనక భాగం నుంచి వచ్చే రక్తం గుండెకి చేరకముందే కొంత కిడ్నీల గుండా పోతుంది, మందు కూడా దానితో పోతుంది. కొన్ని మందులు రోజూ కాదు, మూడు రోజులకోసారి. పాము ఒంట్లో మందు అంత నెమ్మదిగా కరుగుతుంది. అందుకే మనుషుల మాత్రని విరిచి పెట్టడం, నొప్పి అని పారాసిటమాల్ ఇవ్వడం లాంటివి వద్దు.

వేడి లేకపోతే మందు సగం పనే చేస్తుంది. పాము తన ఒంటి వేడిని తాను పుట్టించుకోలేదు. రోగనిరోధక శక్తి పనిచేయాలన్నా, మందు పనిచేయాలన్నా పెట్టెలో వెచ్చటి వైపు 31–33 డిగ్రీలు, చల్లటి వైపు 25–27 డిగ్రీలు ఉండాలి. డిసెంబరు రాత్రుల్లో బెంగళూరు 15కి దిగుతుంది, కరెంటు పోతే ఇంకేముంది. హీట్ మ్యాట్ థర్మోస్టాట్ లేకుండా పెడితే మాత్రం పొట్ట కాలుతుంది, ఆ కేసు తోక కేసు కంటే కష్టం.

ఆపరేషన్ తర్వాత కొబ్బరి పీచు తీసేసి న్యూస్ పేపరో కిచెన్ టిష్యూనో పరచండి, మురికైతే ఆ రోజే మార్చండి. పుండు ఆరే దాకా నీళ్లలో నానబెట్టొద్దు. తాగే నీళ్ల గిన్నె చిన్నది పెట్టండి, అందులో పడుకోకుండా. కుట్లు మనకి లాగా పది రోజుల్లో తీసేవి కావు. నాలుగు నుంచి ఆరు వారాలు, కొన్నిసార్లు తర్వాతి కుబుసం దాకా ఉంచుతాం. వారం, పది రోజులాగి చిన్న ఎలుక పెట్టి చూడండి. ఇప్పుడు తినకపోవడం గురించి పెద్ద టెన్షన్ వద్దు. బాల్ పైథాన్ ఒంట్లో బాగున్నప్పుడే నెలల తరబడి అలుగుతుంది. వారానికోసారి తూకం వేయండి. బరువులో పదో వంతు తగ్గితే అప్పుడు ఆలోచిద్దాం.

పసుపు గురించి అత్తగారికి ఇలా చెప్పండి: పసుపు మీద కోపం లేదు, నూనె మీదే. నూనె దుమ్ముని, పీచుని పట్టి ఉంచుతుంది, కింద గాలి తగలని తడిలో ఇన్‌ఫెక్షన్ పెరుగుతుంది. పైగా పసుపు రంగు పట్టాక కింద నలుపు పాకుతోందో లేదో నాకు కనిపించదు. తప్పనిసరిగా ఏదో ఒకటి చేయాలనిపిస్తే పోవిడోన్ అయోడిన్‌ని పలచటి టీ డికాషన్ రంగు వచ్చే దాకా నీళ్లలో కలిపి, గాజ్ గుడ్డతో (పుండ్లకి కట్టే పలచటి గుడ్డ) ఒత్తండి. హైడ్రోజన్ పెరాక్సైడ్ వద్దు, నురగ చూడటానికి బాగుంటుంది గానీ బతికున్న కణాల్ని కూడా చంపుతుంది.

ఫిబ్రవరి నుంచి కేసులు ఎక్కువని ఎందుకన్నానంటే, ఆ నెలల్లో బెంగళూరు గాలి మధ్యాహ్నానికి ఎండుగడ్డిలా ఆరిపోతుంది. చెన్నైలో సముద్రం పుణ్యమా అని ఈ బాధ తక్కువ, కానీ అక్కడ రోజంతా ఏసీ వేసిన గదిలో పెట్టె ఉంటే అదే కథ. బాల్ పైథాన్‌కి మామూలుగా 55–65 శాతం తేమ కావాలి, కళ్లు పాలనీలం తిరిగి కుబుసం పట్టినప్పుడు 70–80. దీనికి ఖరీదైన యంత్రాలేవీ వద్దు. మూతున్న ప్లాస్టిక్ డబ్బాకి పాము దూరేంత కంత పెట్టి, లోపల తడిపి పిండిన నాచు (మాస్) వేస్తే చాలు. గోడకి అంటించే ముల్లు మీటర్లని నమ్మకండి, తేమ కొలిచే డిజిటల్ హైగ్రోమీటర్ పెట్టండి.

కుబుసం విడిచాక దాన్ని పారేయకుండా బల్ల మీద పరచండి. కళ్ల దగ్గర రెండు గుండ్రటి పొరలు ఉండాలి. తోక చివర గ్లవ్ వేలి కొసలా మూసుకుని ఉండాలి. గొట్టంలా తెరుచుకుని ఉందంటే కొస పాము మీదే మిగిలింది. అదే రోజు చూసుకుంటే ఇంట్లోనే అయిపోతుంది: 29–30 డిగ్రీల నీళ్లు, పాము వీపు మునగనంత లోతు, ఇరవై నిమిషాలు, మీరు పక్కనే ఉండాలి. తర్వాత తడి తువ్వాలు చేతిలో వదులుగా పట్టుకుని పాముని దాని గుండా పాకనివ్వండి. రాకపోతే మర్నాడు మళ్లీ. తోక అప్పటికే నల్లబడి ఉంటే ఇది చేయొద్దు, ఊడేది కుబుసం ఒక్కటే కాకపోవచ్చు.

చివరలో మెల్లగా అడిగారు, పేపర్లు లేకపోతే డాక్టరు చూస్తారా అని. బాల్ పైథాన్, వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైట్స్ (CITES) ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్న జాతి. వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణ తర్వాత ఇలాంటివి నాలుగో షెడ్యూలు కిందికి వచ్చాయి, 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. మీది చేయించలేదంటే ఆ విషయం తెలిసిన వకీలుతో మాట్లాడి సరిచేసుకోండి. అది వేరే పని. ఆ భయంతో తోకని ఇంట్లో కుళ్లబెట్టకండి. నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ లాంటి మన పాములైతే పెంచడమే నేరం. గాయపడి కనిపిస్తే అటవీ శాఖకో, రెస్క్యూ వాళ్లకో అప్పగించాలి.

క్లినిక్‌కి ముందు ఫోన్ చేసి "పాములకి ఆపరేషన్ చేస్తారా" అని సూటిగా అడగండి. "ఎగ్జాటిక్స్ (కుక్కా పిల్లీ కాని పెంపుడు జంతువులు) చూస్తాం" అంటే కొన్నిచోట్ల చిలకలూ కుందేళ్లూ మాత్రమే. హెబ్బాళలో వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది, చెన్నైవాళ్లకి వేపేరిలో మద్రాస్ వెటర్నరీ కాలేజీ ఉంది. వాటికి కూడా ముందు ఫోన్ చేసే వెళ్లండి. పాముని గలీబులో ముడివేసి, గాలి కంతలున్న డబ్బాలో పెట్టి తీసుకెళ్లండి. మూడు వారాల నాటి కుబుసం ముక్కలు ఇంకా డస్ట్‌బిన్ దాటకపోతే, ఒక కవర్లో వేసి అవి కూడా.